మదరాసునకు ఆకాశ దూరము

ఒక నగరమునుండి మరొక నగరమునకు విమానములో ఎంతసేపు పట్టునని అడిగినచో, రెండు విమానాశ్రయముల నడుమ గల దూరమును విమాన వేగముచే భాగించి చెప్పుట వాడుక. సికింద్రాబాదు చరిత్రను పరిశీలించినచో ఈ లెక్క ఏనాడును సరిపోలేదని తెలియును.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానమును నడిపిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంట్ ఆ సంచులను మదరాసునకు, అనగా నేటి చెన్నైకి, చేర్చిరి. ఆ చిన్న విమానము గంటకు రమారమి 160 కిలోమీటర్లు పోగలిగినను, చీకటిలో ఎగురు సౌకర్యములు లేనందున బళ్లారిలో రాత్రి మజిలీ చేయవలసివచ్చినది. కొంతకాలమునకు ఆ మజిలీ హైదరాబాదునకు మారినది. నాడు ప్రయాణ కాలమును నిర్ణయించినది వేగము కాదు, పగటి వెలుగు.

బేగంపేట విమానాశ్రయము నిజాం ప్రభుత్వ కాలమున, 1930వ దశకములో రూపొందినది. 1945లో స్థాపితమైన దక్కన్ ఎయిర్‌వేస్ మరుసటి సంవత్సరము డకోటా విమానములను నడుప నారంభించినది. బేగంపేటనుండి మదరాసు విమానాశ్రయమునకు సరళరేఖలో సుమారు 525 కిలోమీటర్లు. గంటకు 270 కిలోమీటర్ల వేగముతో పోవు డకోటాకు ఇది రెండు గంటల పని. కాజీపేట, విజయవాడల మీదుగా చుట్టి పోవు రైలులో అదే ప్రయాణమునకు ఒక రాత్రి గడచెడిది. 1953 ఆగస్టు 1న ఈ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో విలీనమైనది.

అప్పటి మరొక సౌలభ్యమును మరువరాదు. సికింద్రాబాదు స్టేషనునుండి బేగంపేటకు నాలుగైదు కిలోమీటర్లే. ఆకాశమున మిగిలిన కాలము నేలమీద ఖర్చు కాలేదు.

2008 మార్చి 23న ప్రయాణిక విమానములు శంషాబాదునకు తరలినవి. అది బేగంపేటకు దక్షిణమున నుండుటచే చెన్నైకి ఆకాశ దూరము ఇంచుమించు 20 కిలోమీటర్లు తగ్గినది. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్ విమానమునకు ఇది నిమిషమున్నర లాభము. కాని సికింద్రాబాదు స్టేషనునుండి విమానాశ్రయమునకు రోడ్డు దూరము సుమారు 35 కిలోమీటర్లయినది. నగరపు రద్దీలో దానికి గంటయు చాలకపోవచ్చును. 2009లో మెహదీపట్నము, ఆరాంఘర్‌ల నడుమ నిర్మించిన పై వంతెన మార్గము ఈ భారమును కొంత తగ్గించినది.

విమానము ఎగురుటకు ముందు తనిఖీలకును, రన్‌వే చేరుటకును, దిగిన పిమ్మట సామానునకును పట్టు కాలమును కూడ చేర్చవలెను. చెన్నై ప్రయాణమున గాలిలో గడచునది గంటకు మించదు. ఇంటి గడపనుండి గమ్యపు గడపవరకు గడచునది నాలుగైదు గంటలు. డెబ్బది ఏండ్లలో విమాన వేగము మూడింతలు పెరిగినను, సికింద్రాబాదు గృహస్థునకు ప్రయాణ కాలము ఆ మేరకు తగ్గలేదు. అతనికి ఆ కాలము దక్కవలెనన్నచో, ఇక మెరుగుపడవలసినవి ఆకాశ మార్గములు కావు, నగర మార్గములు.