లావోస్ వెళ్ళాలా, వద్దా?

ఓ ఏడాది ఉద్యోగానికి దణ్ణం పెట్టి తిరిగొద్దామని లెక్కలు వేస్తున్నా. థాయిలాండ్, వియత్నాం మనవాళ్ళు సగంమంది చూసొచ్చేశారు. ఆ రెంటి మధ్యా సముద్రం తగలకుండా ఇరుక్కుని ఉండే లావోస్ మీద నా కన్ను పడింది. "అక్కడేముందిరా?" అంటున్నారు మిత్రులు. చరిత్ర ఉంది బాబూ, అదీ ఇంకా పేలని చరిత్ర.

1962లో జెనీవాలో లావోస్ తటస్థ దేశమని పెద్ద దేశాలన్నీ సంతకాలు పెట్టాయి. ఉత్తర వియత్నాం మాత్రం దక్షిణాదికి సైన్యాన్నీ, సరుకునీ లావోస్ అడవుల గుండానే తోలేది. అదే హో చి మిన్ దారి. అమెరికా కూడా సంతకం పెట్టింది కాబట్టి బాహాటంగా యుద్ధం అనడానికి లేదు. అందుకని సీఐఏ హ్మాంగ్ తెగవాళ్ళకి తుపాకులిచ్చి చాటుగా యుద్ధం నడిపింది. పైనుంచి 1964-73 మధ్య విమానాలు 5,80,000 సార్లు వెళ్ళి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించాయి. లెక్కేసి చూశాను, తొమ్మిదేళ్ళపాటు రాత్రీ పగలూ ఎనిమిది నిమిషాలకోసారి!

వాటిలో క్లస్టర్ బాంబులున్నాయే, అవీ అసలు పీడ. గాల్లో డొల్ల విచ్చుకుంటే వందలకొద్దీ చిన్న బాంబులు చెల్లాచెదురవుతాయి. అలాంటివి 27 కోట్లు పడితే 30 శాతం దాకా పేలలేదట. (మన టెస్టింగ్ వాళ్ళు అంత ఫెయిల్యూర్‌తో ఏ బిల్డునైనా బయటికి వదుల్తారా?) టెన్నిస్ బంతంత ఉంటాయి, పిల్లలు ఆడుకుందామని తీస్తారు, రైతు పార తగులుతుంది. యుద్ధం అయిపోయాక కూడా 20 వేలమందికి పైగా చనిపోవడమో, గాయపడడమో జరిగింది. 2016లో ఒబామా వెళ్ళి ఏరివేతకి మూడేళ్ళలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

మరి వెళ్ళాలా? చంపాసక్‌లో వాట్ ఫూ ఉంది, అంగ్‌కోర్ వాట్ కంటే పాత శైవక్షేత్రం. వెనక కొండ పేరు లింగపర్వతం! ఆ ఒక్కదానికే వెళ్ళొచ్చు. 2021 డిసెంబరులో రైలు వచ్చాక వియంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్ రెండు గంటలే. కాకపోతే పెద్ద దెబ్బ తగిలితే థాయిలాండ్ ఆసుపత్రికి పరిగెత్తాలి. అన్నట్టు, అక్కడ "ఐటీ ఉద్యోగం" అని ఎవరైనా పిలిస్తే నమ్మకండి. 2024లో గోల్డెన్ ట్రయాంగిల్ సైబర్ మోసాల ముఠాల నుంచి మన ఎంబసీ పదుల మందిని విడిపించింది.

నేనైతే నవంబరులో, వానలు తగ్గాక, వెళ్దామనుకుంటున్నా. రాతి జాడీల మైదానంలో బాంబులు ఏరేసిన చోట గుర్తు రాళ్ళు పాతారు. తెలుపు వైపు నడవొచ్చు, ఎరుపు వైపు అడుగు పెట్టకూడదు. అమ్మకి ఇంకా జాడీల సంగతే చెప్పాను.