హైదరాబాద్‌ ప్రయాణం: గాలిలో గంటే.. గడప చేరేసరికి అయిదు

నందిగామ: విజయవాడ నుంచి హైదరాబాద్‌కు విమానం సుమారు గంటలో చేరుతుంది. రోడ్డు మార్గంలో కారుకు నాలుగున్నర నుంచి అయిదు గంటలు, బస్సుకు అయిదు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఈ అంకెలను చూస్తే విమానమే మేలనిపించడం సహజం. ఇంటి గడప దాటింది మొదలు గమ్యం చేరేవరకు లెక్కిస్తే మాత్రం ఆ వ్యత్యాసం దాదాపు కనుమరుగవుతుంది. వైద్యానికో, ఉద్యోగ పరీక్షకో వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసిన వివరాలివి.

దూరంలో తేడా స్వల్పమే

రెండు నగరాల నడుమ ఆకాశ మార్గాన దూరం సుమారు 250 కిలోమీటర్లు. రోడ్డు మార్గం సుమారు 275. నందిగామ, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్‌ మీదుగా రహదారి పెద్దగా చుట్టు తిరగకుండా సాగడమే ఇందుకు కారణం. ఒకప్పుడు 9వ నంబరుగా ఉన్న ఈ జాతీయ రహదారి ప్రస్తుతం 65వ నంబరుతో పుణె నుంచి మచిలీపట్నం వరకు ఉంది. చిల్లకల్లు, కొర్లపహాడ్‌, పంతంగి వద్ద టోల్‌ రుసుము చెల్లించాలి.

గడియారం చెప్పే లెక్క

విజయవాడ నుంచి గన్నవరం విమానాశ్రయం సుమారు 20 కిలోమీటర్లు. అక్కడికి చేరడానికి 40 నిమిషాలు, తనిఖీలు, నిరీక్షణకు గంటన్నర, విమానంలో గంట, శంషాబాద్‌లో సామాన్లు తీసుకొని వెలుపలికి రావడానికి అరగంట, అక్కడి నుంచి నగరంలోకి మరో గంట. మొత్తం నాలుగు గంటల 40 నిమిషాలు. కారు ప్రయాణానికీ దాదాపు అంతే సమయం.

నందిగామ వాసులకు విమానం మరింత ఆలస్యం. గన్నవరం చేరాలంటే హైదరాబాద్‌కు ఎదురు దిశలో సుమారు 70 కిలోమీటర్లు వెళ్లాలి. అందుకే గంటన్నర పడుతుంది. మొత్తం అయిదున్నర గంటలవుతుంది. అదే కారులో నాలుగు గంటల్లో నగరం చేరవచ్చు. కోదాడ, సూర్యాపేట వాసులకు రోడ్డు మార్గమే శరణ్యం.

ఎవరికి ప్రయోజనం?

గన్నవరం పరిసర గ్రామాలు, హనుమాన్‌జంక్షన్‌, ఏలూరు వాసులకు విమానాశ్రయం చేరువ కనుక కొంత సమయం కలిసివస్తుంది. శంషాబాద్‌లో విమానం మారి ఢిల్లీకో, విదేశాలకో వెళ్లేవారికి నగరంలోకి వెళ్లే పని ఉండదు. అసలైన లాభం వీరిదే.

రోగులను తరలించేవారు మరో విషయం గమనించాలి. తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాధారణ విమానంలో తీసుకెళ్లాలంటే వైద్య ధ్రువపత్రాన్ని ముందుగా విమానయాన సంస్థకు సమర్పించవలసి ఉంటుంది. అత్యవసర వేళ ఆ జాప్యం ప్రాణాల మీదకు తెస్తుంది. అంబులెన్సులో రోడ్డున వెళితే మార్గమధ్యంలో సూర్యాపేట వంటి పట్టణాల ఆసుపత్రులైనా అందుబాటులో ఉంటాయి.

వాన, పండుగ.. రెండూ గండాలే

2023 జులైలో మున్నేరు వరద నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద రహదారిని ముంచెత్తడంతో రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలోనూ వరదల వల్ల ఈ మార్గంలో వాహనాలు ఆగిపోయాయి. సంక్రాంతి వేళ టోల్‌ప్లాజాల వద్ద వాహనాలు బారులు తీరడం ఏటా కనిపించే దృశ్యమే.

హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు వైద్యుని కలవవలసిన నందిగామ వాసి తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరడం శ్రేయస్కరం. పండుగ రోజుల్లోనైతే ముందురోజే చేరుకోవడం ఉత్తమం.