సముద్రం దాటిన కొలువు, మాయమవుతున్న కొలువు

2004 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలికి అధిపతిగా ఉన్న గ్రెగరీ మాంక్యూ ఒక మాట అన్నారు. పనులను విదేశాలకు తరలించడం అంతర్జాతీయ వాణిజ్యానికి మరో రూపమేననీ, దీర్ఘకాలంలో అది దేశానికి మేలేననీ ఆయన అభిప్రాయం. అది ఎన్నికల సంవత్సరం. డెమొక్రాట్లతోపాటు సొంత పార్టీకి చెందిన స్పీకర్ డెన్నిస్ హాస్టర్ట్ సైతం ఆ మాటను తప్పుపట్టారు. అదే సమయంలో ఢిల్లీలోని ఎన్డీయే ప్రభుత్వం 'భారత్ వెలిగిపోతోంది' అంటూ ఎన్నికలకు సిద్ధమవుతోంది. ఆ వెలుగులో సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు పెద్దపీట ఉంది. అక్కడ శోకం, ఇక్కడ సంబరం. రెండింటి వెనుకా ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే: ఉద్యోగం ఒక చోట పోతే మరో చోట పదిలంగా ఉంటుందని. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అనే ఉద్యోగి చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు.

ఈ వృత్తి కథ అమెరికాలో మొదలైంది. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సంబంధాత్మక నమూనాను 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. ఆ నమూనాపై నిర్మించిన ఒరాకిల్ డేటాబేస్ 1979లో మార్కెట్‌లోకి వచ్చింది. బ్యాంకు ఖాతాలు, విమాన టికెట్లు, బీమా పాలసీలు, ప్రభుత్వ రికార్డులు ఒక్కొక్కటిగా ఈ పట్టికల్లోకి చేరాయి. వాటిని కాపాడడానికి ప్రత్యేక నిపుణుడు అవసరమయ్యాడు. రోజూ బ్యాకప్ తీయడం, వ్యవస్థ కూలినప్పుడు సమాచారాన్ని తిరిగి నిలబెట్టడం, ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించిన మేరకు అనుమతులు ఇవ్వడం, నత్తనడకన సాగే ప్రశ్నలకు వేగం తేవడం అతని విధులు. అతడు పొరపడితే సంస్థ జ్ఞాపకశక్తే చెరిగిపోతుంది. అందుకే మంచి జీతమూ ఉద్యోగ భద్రతా రెండూ దక్కాయి.

భారతదేశం ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. విదేశీ వాటాను పరిమితం చేసే నిబంధనకు తలొగ్గని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. 1984 కంప్యూటర్ విధానం, 1986 సాఫ్ట్‌వేర్ విధానం మళ్లీ తలుపులు తెరిచాయి. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఎగుమతిదారులకు ఉపగ్రహ అనుసంధానం కల్పించింది. శతాబ్దం చివరి వైటూకే భయం భారతీయ సంస్థలను అమెరికా కంపెనీల అంతర్గత వ్యవస్థల దాకా తీసుకువెళ్లింది. మొదట్లో 65,000గా ఉన్న హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని అమెరికా కాంగ్రెస్ 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెంచింది. 1998 నవంబరులో హైదరాబాద్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల్లో ఒరాకిల్ డీబీఏ కోర్సు బోర్డులు వెలిశాయి. జిల్లాల నుంచి వచ్చిన వేలమంది పట్టభద్రులకు అది మధ్యతరగతిలోకి దారి.

ఇతర కొలువుల కంటే ఈ కొలువు సులువుగా సముద్రం దాటడానికి కారణం దాని స్వభావంలోనే ఉంది. సర్వర్ పక్కనే కూర్చోవలసిన అవసరం లేదు. పైగా అమెరికాలో అర్ధరాత్రి వేళ ఇక్కడ పగలు. రాత్రి కాపలా పని ఇక్కడి పగటి షిఫ్టుగా మారింది. అయితే తరలింపుకు ఒక షరతు ఉంది. ఇక్కడి ఉద్యోగి చేయాలంటే అక్కడి ఉద్యోగి తలలో ఉన్న అనుభవం కాగితం మీదికి రావాలి. ఏ హెచ్చరిక వస్తే ఏ ఆదేశం ఇవ్వాలి, అది పనిచేయకపోతే ఎవరికి చెప్పాలి అన్నది మెట్టు మెట్టుగా రాసిన పుస్తకమే రన్‌బుక్. తమ స్థానంలోకి వచ్చేవారికి తామే పని నేర్పవలసి రావడం అమెరికన్ ఉద్యోగులకు మిగిలిన అవమానం. ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థలో సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగుల తొలగింపు వ్యవహారం 2015లో వార్తలకెక్కడానికి ఇదే కారణం.

కానీ మెట్టు మెట్టుగా రాయగలిగిన పనిని మరో మనిషికే అప్పగించాలన్న నియమం ఏదీ లేదు. యంత్రానికీ అప్పగించవచ్చు. 2003లో ప్రకటించిన ఒరాకిల్ 10జీ తన లోపాలను తానే విశ్లేషించుకుని సలహాలివ్వడం మొదలుపెట్టింది. 2009లో అమెజాన్ తన ఆర్‌డీఎస్ సేవతో బ్యాకప్, ప్యాచ్ పనులను క్లౌడ్ అద్దెలో కలిపేసింది. 2017లో ఒరాకిల్ అధిపతి లారీ ఎల్లిసన్ మనిషి శ్రమే అక్కర్లేని 'స్వయంచాలక డేటాబేస్'ను ప్రకటించారు. ఒకప్పుడు ప్రతి బ్యాంకుకూ ఒక బృందం కావలసిన చోట ఇప్పుడు క్లౌడ్ సంస్థ నడిపే ఒకే యంత్రాంగం వేల ఖాతాదారులకు సరిపోతుంది. వృత్తి పూర్తిగా అంతరించలేదు. డేటా నిర్మాణాన్ని రూపొందించేవారికీ, భద్రత చూసేవారికీ గిరాకీ ఉంది. అమెరికా కార్మిక గణాంకాల వర్గీకరణ 2018లో డేటాబేస్ ఆర్కిటెక్టులను అడ్మినిస్ట్రేటర్ల నుంచి వేరుచేసింది కూడా. విరిగింది నిచ్చెన కింది మెట్టు. రన్‌బుక్ చూసి పని నేర్చుకుంటూ పైకెక్కిన తరం తర్వాత వచ్చేవారికి కాలు మోపే చోటు తగ్గిపోతోంది.

రాజకీయం మాత్రం 2004 దగ్గరే ఆగింది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అదే నెలలో విదేశాలకు పనులు అప్పగించే చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలన్న బిల్లు సెనేట్ ముందుకు వచ్చింది. ఇవి మనిషిని ఆపగలవు, కాంట్రాక్టును ఆపగలవు; సాఫ్ట్‌వేర్‌ను ఆపలేవు. ఇక్కడి సంబరానికీ ఆధారం తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఆ వేటు ప్రధానంగా మధ్య, సీనియర్ స్థాయి ఉద్యోగులపైనే.

అమెరికన్ ఉద్యోగికి ఇరవై ఏళ్ల కిందట ఎదురైన ప్రశ్న ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగి ముందుంది: చట్టం అతనికి ఏమిస్తుంది? 1947 పారిశ్రామిక వివాదాల చట్టం మేనేజర్ తరహా, పాలనా తరహా విధులు నిర్వర్తించేవారిని కార్మికుల నిర్వచనం నుంచి మినహాయించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మినహాయింపును కొనసాగించింది. అదే కోడ్ తొలగింపునకు గురైన కార్మికుడికి ప్రతి సర్వీసు సంవత్సరానికీ 15 రోజుల వేతనం పరిహారంగానూ, అదనంగా పునర్నైపుణ్య నిధి కింద మరో 15 రోజుల వేతనాన్నీ హామీ ఇస్తుంది. హోదా పేరును కాక చేసే పనిని చూడాలన్నది న్యాయస్థానాలు స్థిరపరిచిన సూత్రం. రాత్రి షిఫ్టులో టికెట్లకు జవాబిచ్చే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ పాలించేది పట్టికలనే, మనుషులను కాదు. అయినా 'స్వచ్ఛంద రాజీనామా' కాగితంపై సంతకం పెట్టిన క్షణాన ఈ హక్కులన్నీ అతని చేయి జారిపోతాయి.

కార్మిక వ్యవహారాలు ఉమ్మడి జాబితాలోనివి. కర్ణాటక 2014 నుంచి ఐటీ సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి మినహాయింపులిస్తూ వచ్చింది. పెట్టుబడుల పోటీలో ఉన్న ఏ రాష్ట్రమూ ఆ పరిశ్రమను నొప్పించదలచుకోదు. అందువల్ల టెక్నాలజీ ఉద్యోగి కార్మికుడా కాదా అన్న విషయం ఒక్కొక్కరూ ఒంటరిగా కోర్టుకెక్కి తేల్చుకోవలసిన వ్యవహారంగా మిగిలింది. కోడ్ కింద నిబంధనలు రాసే ప్రభుత్వాలు దీనికి స్పష్టమైన జవాబు ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే అమెరికన్ ఉద్యోగికి దక్కినట్టే ఇక్కడి ఉద్యోగికీ సానుభూతి ప్రసంగాలే దక్కుతాయి.