ఛాత్రోపాధ్యాయుడి ఎదుటి పిల్లలు: చేవెళ్ల ప్రాంతపు ఉపాధ్యాయ శిక్షణ చరిత్ర

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారి మీది మొయినాబాద్, చేవెళ్ల, ఆలూరు వంటి ఊళ్ల విద్యా చరిత్రను సాధారణంగా బడి ఏ సంవత్సరం వచ్చింది, ఎప్పుడు ఉన్నత పాఠశాల అయింది అన్న వివరాలతోనే రాస్తారు. ఛాత్రోపాధ్యాయుడు, అంటే ఒకవైపు శిక్షణ పొందుతూ మరోవైపు బడిలో పాఠం చెప్పి చూసే విద్యార్థి, గురువుగా ఎట్లా ఎదిగాడో తెలియాలంటే ఆ వివరాలు చాలవు. అతని ఎదుట ఏ పిల్లల్ని కూర్చోబెట్టారు, ఎవరిని గడప బయటే ఉంచారు అన్న ప్రశ్నతో ఆ చరిత్రను తిరిగి చదవాలి. కూరగాయలూ పూలూ పండించి నగరానికి పంపే ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నకు తరానికొక జవాబు వచ్చింది. వాటిలో కొన్ని దూరదేశాల నుంచి వచ్చినవి.

నిజాం పాలనలో మొదటి గడప భాషే. ప్రభుత్వ విద్యకు ఉర్దూ ఆధారమైనందువల్ల ఇంట్లో తెలుగు తప్ప మరొకటి వినని రైతుబిడ్డ బడిలో మూగవాడిగా మిగిలేవాడు. ఆ లోటు తీర్చిన ఖాన్‌గీ బడులు, అంటే ఊరివాళ్లు సొంతంగా నడుపుకున్న ప్రైవేటు పాఠశాలలు, 1924 తర్వాత ముందస్తు ప్రభుత్వ అనుమతి లేనిదే సాగని స్థితికి వచ్చాయి. మొయినాబాద్ దగ్గరి పెదమంగళారానికి చెందిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో, నిజాం రాజ్యపు తెలుగువారి వేదికైన ఆంధ్ర మహాసభ షాద్‌నగర్ సమావేశానికి అధ్యక్షత వహించే నాటికి, మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆ సభల ప్రధానమైన కోరికల్లో ఒకటిగా స్థిరపడింది.

ఈ కాలానికి చాలా ముందే, తెలుగు నేలకు ఈశాన్యపు అంచున ఒక ఉపాధ్యాయుడు ఈ సమస్యను ఎదురు దిశ నుంచి పరిష్కరించే ప్రయత్నం చేశాడు. 1880లో పర్లాకిమిడిలో ఉద్యోగంలో చేరిన గిడుగు రామమూర్తి, దగ్గరి కొండల్లోని గిరిజనులైన సవరల పిల్లలకు తెలుగు నేర్పి ఊరుకోలేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆ భాషను తాను నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, బడులు పెట్టించాడు. ఆ కొండల్లో తిరిగి తెచ్చుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ అతని వినికిడిని దెబ్బతీసింది. పిల్లవాడు బడికి తగినట్టు మారాలన్న నమ్మకాన్ని వదిలి, బడే పిల్లవాడికి తగినట్టు మారాలని నేడు సహిత విద్య పేరుతో చెబుతున్న సూత్రాన్ని, ఆ పేరు పుట్టకముందే ఆచరించిన గురువుగా గిడుగును శిక్షణ చరిత్రలో ముందు వరసలో నిలపాలి; వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మాత్రమే తలచుకుంటే ఆయన పనిలో సగం మరుగున పడుతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక భాష గడప చాలావరకు తొలగినా, తరగతిగది లోపలి పద్ధతి పెద్దగా మారలేదు: ఉపాధ్యాయుడు నల్లబల్ల దగ్గర నిలబడి చెబితే పిల్లలు ఒక్క గొంతుతో వల్లించేవారు. దాన్ని గట్టిగా కదిలించినది ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఉపాధ్యాయులు ఆపెప్ అని పిలుచుకున్న ఈ పథకం బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్థిక సాయంతో 1980ల నడుమ కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించి 1996 దాకా నడిచింది. చేసి నేర్చుకోవడం, జట్టుగానూ ఒంటరిగానూ పని చేయడం, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవడం, ఊరి పరిసరాలను పాఠంలోకి తేవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం దాని సూత్రాల్లో ముఖ్యమైనవి.

ఈ సూత్రాలు పాఠంలో ఎట్లా దిగేవో చూస్తేనే మార్పు ఎంతటిదో తెలుస్తుంది. స్థానవిలువ చెప్పాల్సిన ఉపాధ్యాయుడు బల్ల మీద 23 రాసి వల్లింపజేయకుండా, పిల్లలు ఏరి తెచ్చిన పుల్లల్ని పదేసి చొప్పున దారంతో కట్టించి, రెండు కట్టలూ మూడు విడి పుల్లలూ వాళ్ల చేతిలోనే ఉంచి, ఒక కట్ట విప్పితే ఏమవుతుందో వాళ్లనే అడిగేవాడు. త్వరగా గ్రహించిన జట్టు తీసివేతకు పోతుంటే, వెనకబడిన జట్టు ఇంకా పుల్లలు లెక్కించవచ్చు. అందులో అవమానం లేదు. చుట్టుపక్కల బడుల వాళ్లు కలిసే ఉపాధ్యాయ కేంద్రాల్లో ఇట్లాంటి పాఠాలను ఒకరు చెప్పి చూపితే మిగతావాళ్లు తప్పొప్పులు మాట్లాడుకునేవారు. విదేశీ సలహాదారుల ఆలోచన పల్లె బడికి నప్పడానికి అసలు కారణం ఈ కేంద్రాలే, ఎందుకంటే ఒక్కో గదిలో రెండు మూడు తరగతుల్ని కలిపి నడిపే బాధ అక్కడ కలిసే ఉపాధ్యాయులందరిదీ.

అయినా ఆ పథకానికి ఒక పరిమితి ఉంది. పిల్లల మధ్య తేడాలు అన్నప్పుడు దాని దృష్టిలో ఉన్నది చురుకైనవాళ్లూ నెమ్మదిగా నేర్చేవాళ్లూ. చూపు లేని, వినపడని, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అసలు బడికే రాలేదు గనుక వాళ్ల తేడా ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. వాళ్ల కోసం వేరే దారి అప్పటికే పడుతోంది. 1984లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేయసాగింది. అక్కడి శిక్షణలో ముఖ్యమైనది పని విశ్లేషణ, అంటే ఒక పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి నేర్పడం. చొక్కా గుండీ పెట్టుకోవడమన్నది పెద్దలకు ఒకటే పని. ఛాత్రోపాధ్యాయుడు దాన్ని గుండీ పట్టుకోవడం, కాజా వెతకడం, అంచు దూర్చడం, అవతలి నుంచి లాగడం అని విడదీసి, పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాసుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పిల్లవాడికి రాదు అన్న మాటను ఏ మెట్టు రాలేదు అన్న ప్రశ్నగా మార్చే ఈ శిక్షణ ఉపాధ్యాయులందరికీ అవసరమైనదే, కానీ అది ప్రత్యేక ఉపాధ్యాయుల సొత్తుగానే చాలాకాలం ఉండిపోయింది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం వారికొక గుర్తింపునూ, 1993 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టం సాధారణ శిక్షణకు మరొక పాలననూ ఇచ్చి, రెండు శిక్షణలనూ రెండు గొడుగుల కింద నిలిపాయి.

శిక్షణలు ఇట్లా విడిపోయిన మరుసటి ఏడాదే, 1994లో, స్పెయిన్ నగరం సాలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు చేసిన ప్రకటన, సాధారణ బడే పిల్లలందరి బడి కావాలని కోరింది. 1995 నాటి వికలాంగుల చట్టం, 2009 నాటి విద్యాహక్కు చట్టం, వైకల్యాలను 21 రకాలుగా గుర్తించిన 2016 నాటి చట్టం ఈ దేశంలో ఆ దారిని వెడల్పు చేశాయి. సాధారణ శిక్షణ కూడా మారుతూ వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం దరిమిలా వచ్చిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లలో, అప్పటి రంగారెడ్డి జిల్లాది వికారాబాద్‌లో వెలిసింది. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లకు పెరిగి, 20 వారాలు బడిలో గడపడం తప్పనిసరై, సహిత విద్య ఒక పాఠ్యాంశంగా చేరింది. మండలాల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడ్పాటునిస్తూ, బడికి రాలేని పిల్లల ఇళ్లకు సహిత విద్యా ఉపాధ్యాయులను పంపుతున్నాయి. ఆ ఇళ్లకు ఛాత్రోపాధ్యాయులను వెంట తీసుకెళ్లకపోవడం శిక్షణలో పెద్ద లోపమే.

భాష గడప మళ్లీ కొత్తగా లేస్తోంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చే కుటుంబాల పిల్లల కోసం తెలంగాణ జిల్లాల్లో ఒడియాలో బోధించే పని స్థల కేంద్రాలు నడిచాయి. ఆ పిల్లలు పనుల కాలం మొదలయ్యాక వచ్చి, ముగిసే సరికి వెళ్లిపోతారు. ఏడాది మొత్తానికి తయారైన పాఠ్యపథకం వాళ్లకు సరిపోదు. అందువల్ల ఆ పిల్లలు వచ్చిన రోజునే వాళ్లకేం తెలుసో ఛాత్రోపాధ్యాయుడు పరీక్షించి, వాళ్లు వెళ్లే రోజుకు ఎంత చేర్చగలడో అంచనా వేసుకుని పాఠం కట్టుకోవడం నేర్వాలి. ఆపెప్ నేర్పిన జట్టుపని, బోయిన్‌పల్లి నేర్పిన మెట్ల లెక్క, పిల్లల భాషను తానే నేర్చుకున్న గిడుగు ఓపిక ఆ ఒక్క తరగతిగదిలో ఒకేసారి కావలసి వస్తాయి.