మొవ్వ నుంచి వర్ని దాకా

పెదపారుపూడిలో నేను చూసిన మొదటి నాటకం 'చింతామణి'. కోతలూ నూర్పిళ్లూ అయ్యాక ఊరి మధ్య పందిరి వేసేవారు. రాత్రి పది దాటాక గానీ తెర లేచేది కాదు. పద్యానికి వన్స్ మోర్లు, సుబ్బిశెట్టి రంగానికి ఈలలు. కాళ్ళకూరి నారాయణరావు సంస్కరణ దృష్టితో రాసిన నాటకం మా ఊరికి చేరేసరికి సుబ్బిశెట్టి నాటకం అయిపోయింది. తెల్లవార్లూ కూచున్న అన్ని వందలమందిలో ఒక్కరం కూడా అడగలేదు: తల్లి శ్రీహరి ఆ పిల్లను ఏ వయసులో ఈ వ్యాపారంలో దింపింది? ఎందుకు దింపింది? 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు కూడా ఈ ప్రశ్న రాలేదు. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి. ఆ ఫిర్యాదులో న్యాయం లేదని నేననను. చింతామణి తరఫున మాత్రం ఫిర్యాదు చేసే సంఘం లేదు.

మన సాహిత్యంలో అమ్ముడుపోయిన స్త్రీ ఎక్కువగా రెండు రూపాల్లోనే కనిపిస్తుంది. రసానికి ఆలంబనగా, లేదా నీతికి ఉదాహరణగా. అమ్మకం మాత్రం తెర వెనకే ఉండిపోతుంది. ఈ విమర్శకు నేను అతీతుణ్ణి కాను. నా సంగతి తర్వాత చెబుతాను.

మాకు దగ్గర్లోనే మొవ్వ ఉంది, కూచిపూడి ఉంది. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వ గోపాలుడి మీద పదాలు కట్టి తంజావూరు, మధుర, గోల్కొండ కొలువుల్లో మన్నన పొందాడు. ఆ పదాలను తరతరాలుగా నిలబెట్టినవాళ్లు కలావంతుల స్త్రీలు. క్షేత్రయ్యను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి ఆయన నాయికకు నోరుంది. బేరం ఆడుతుంది, ఎగవేతదారుణ్ణి నిలదీస్తుంది, తలుపేసుకుంటుంది. ఆ పదాల్లో డబ్బు దాపరికం లేకుండా ఉంది. దాన్ని కప్పిపెట్టింది తర్వాతి వ్యాఖ్యాతలు. జీవాత్మ అన్నారు, పరమాత్మ అన్నారు. గోపాలుడు దేవుడయ్యాడు గనక ఇచ్చిపుచ్చుకోడాలు ఉపమానాలయ్యాయి. కూచిపూడిలోనేమో మగవాళ్లే ఆడవేషం కట్టారు. సత్యభామ జడ గౌరవం పొందింది. ఆ అభినయాన్నే కుల వృత్తిగా బతికిన ఆడవాళ్లకు అదే గౌరవం దక్కలేదు. భూస్వామ్య సంస్కృతి పనితనాన్ని ఉంచుకుని పనిమనిషిని గెంటేస్తుందనడానికి మా ప్రాంతం కంటే దగ్గర ఉదాహరణ నాకు తెలియదు.

అమ్మకాన్ని అమ్మకంగా చూసినవాడు గురజాడ. 'కన్యాశుల్కం' గురించి మాట్లాడేటప్పుడు మనం మధురవాణి దగ్గరా గిరీశం దగ్గరా ఆగిపోతాం. సాహిత్య విద్యార్థులు ఒక్కసారి 1897 నాటి మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికకు వెళ్లాలి. విజయనగరం మహారాజు ఆనతి మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారైంది. లెక్కకు వచ్చినవి 1,034. ఏడాదికి సుమారు 344. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకునేవాళ్లు అరుదు గనక జాబితా సమగ్రం కాదని కూడా ఆయన చెప్పాడు. ఆ అంకెలు చదివాక నాటకంలోని నవ్వు మరోలా వినిపిస్తుంది. అంత లెక్క కట్టిన గురజాడ నాటకంలో కూడా, కథంతా ఎవరి బేరం చుట్టూ తిరిగిందో ఆ సుబ్బికి చెప్పుకోదగ్గ మాట లేదు. అది ఆ కాలపు పరిమితి అనుకుందాం. మన కాలపు పరిమితి ఏమిటి?

సంస్కరణోద్యమంలో ఒక మలుపును మన చరిత్రలు సరిగా నమోదు చేయలేదని నా అభిప్రాయం. కందుకూరి కాలంలో భోగం మేళాలకు వెళ్లవద్దని పెద్దమనుషులకు చెప్పారు. అంటే ఆ సంస్కరణ ముఖ్యంగా చూసేవాడి శీలానికి. 1920ల్లో ప్రశ్న మారింది. ముత్తులక్ష్మి రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలిలో దేవదాసీల ప్రశ్న లేవనెత్తింది. 1929లో వచ్చిన చట్ట సవరణ, గుడి ఊడిగానికి ముడిపెట్టిన ఇనాం భూమిని ఆ ఊడిగం నుంచి విడదీసింది. అంటే, ఊడిగం మానేసినా భూమి ఉంటుంది. ఇది నీతిబోధ కాదు, ఆస్తి సంబంధాల్లో మార్పు. ఆ రోజుల్లోనే కలావంతుల కుటుంబంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం మద్రాసులో హిందూ యువతీ శరణాలయం నడిపింది. గదర్ వీరుడు దరిశి చెంచయ్య ఆ పనిలో తోడు నిలిచాడు. చెంచయ్యను విప్లవకారుడిగా తలుచుకునే మనం ఆ సగాన్ని మరిచిపోయాం. విప్లవానికి అది చిన్న పని అనుకున్నామేమో.

1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అది కృష్ణా జిల్లాకు వర్తించింది గానీ నిజాం ఏలుబడిలోని నిజామాబాదుకు కాదు. ఒకే భాష మాట్లాడే ఆడపిల్లకు జిల్లా మారితే చట్టం లేదు. 1956లో రాష్ట్రం ఒకటైంది. దేవదాసీ వ్యవస్థపై రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం మాత్రం 1988 దాకా రాలేదు. మధ్యలో, రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాలను నిషేధించినా, 1956 నాటి కేంద్ర చట్టం పేరు 'అవినీతి వ్యాపార' నిరోధమే అయినా, దాని ఎనిమిదో సెక్షను కింద కోర్టు బోనెక్కింది అమ్మినవాడు కాదు, వీధిలో నిలబడ్డ స్త్రీ. 1986లో చట్టం పేరు మార్చారు. ఆ సెక్షను ఉండిపోయింది.

ఇక నా సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి చెట్టుకొకరూ పుట్టకొకరూ అయినవాళ్లలో ఒక పన్నెండేళ్ల పిల్ల మా ఊరి పేటలో బంధువుల పంచన చేరింది. నేను బడిపంతుల్ని. రెండేళ్లకు ఒక మేస్త్రీ ఇళ్లు కట్టే పనికని కొందరిని తీసుకుపోతూ ఆ పిల్లనూ తీసుకుపోయాడు. అడ్వాన్సు బంధువుల చేతికి వచ్చింది. తర్వాత కబురు లేదు. బొంబాయిలో కామాటిపురాలో ఉందని ఎవరో అన్నారు. కామాటి అంటే కూలి మనిషి. ఆ నగరాన్ని కట్టడానికి నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీల పేరే ఆ పేటకు మిగిలింది. నేను ఆ పిల్ల మీద కథ రాశాను. కథలో ఆమె తిరిగివచ్చి, ఊరి చూపులు భరించలేక కాలవలో దూకి చనిపోయింది. కథకు మంచి పేరొచ్చింది.

1987లో ఆమె నిజంగానే తిరిగివచ్చింది. కాలవలో దూకలేదు. ఒక సాయంత్రం మా అరుగు ముందు నిలబడి, "మేష్టారూ, కార్డుకి అర్జీ రాసిపెట్టండి" అంది. నా కథ సంగతి ఆమెకు తెలియదు. ఒక కార్యాలయంలో గుమాస్తా, ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉంటున్నావని అడిగాడట. కాగితం మీద రాయగల జవాబు ఆమె దగ్గర లేదు. నేను ఆమె చావును ఊహించగలిగాను గానీ, బతికి వస్తే బియ్యం కార్డు కావాలని ఊహించలేకపోయాను. కరుణ రసం పండాలంటే ఆమె చావాలి. ఇది నా ఒక్కడి లోపం కాదని చెప్పడానికే ఇంత చరిత్ర తవ్వుకొచ్చాను. నా లోపం తగ్గిందని కాదు.

మచిలీపట్నం కాలేజీ ఉద్యోగం పోయాక గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన ముదునూరు మాకు పొరుగూరి కిందే లెక్క. ఆ ఇంటి కోడలు, జాషువా కూతురు హేమలతా లవణం 1980ల్లో నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య పనిచేసింది. ఎల్లమ్మకో పోచమ్మకో పెళ్లి చేశామని చెప్పి దళిత బాలికను ఊరి మగవాళ్లకు వదిలేసే ఆచారం అది. వర్నిలో ఆమె పెట్టిన ఇంటి పేరు చెల్లి నిలయం. ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగాను. జోగిని ఊరందరిదీ, కానీ ఆమెను వరసపెట్టి పిలిచేవాళ్లు లేరు. హేమలత మొదట ఒక వరస ఇచ్చింది. తర్వాత చదువు, చేతిపని, ఇల్లు, పెళ్లి. పెళ్లినే పునరావాసంగా లెక్కించే ధోరణి మీద నాకు అభ్యంతరాలున్నాయి. భర్త లేని మనిషికీ ఇల్లు కావాలి. అయినా కథలూ కవితలూ రాసిన మా తరంలో ఎంతమందిమి ఆ గడప దాకా వెళ్లాం?

2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్రమ రవాణా బాధితుల సహాయ, పునరావాస విధానం ప్రకటించింది. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షను మార్చి మనుషుల రవాణాను విడిగా నిర్వచించి శిక్షలు పెంచారు. 2022 మేలో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్లకు నివాస రుజువు అడగకుండా ఆధార్ ఇవ్వాలంది. మా అరుగు ముందు ఆమె నిలబడ్డ 35 ఏళ్లకు ఆ గుమాస్తా ప్రశ్నకు ఒక జవాబు దొరికింది.

ఆ రోజు అర్జీలో నేను మొదట 'అభాగ్యురాలు' అని రాశాను. చదివి వినిపిస్తే, "అదెందుకండీ? కొట్టేయండి" అంది. 'వంచనకు గురై' అన్నదీ కొట్టించింది. ఇంటిపేరుతో పేరు, తండ్రి పేరు, ఉప్పెనలో పోయిన ఊరి పేరు, చేసే పని వరి కూలి. అంతే ఉంచమంది. చివర వేలిముద్ర వేయబోతుంటే ఆగి, బొంబాయిలో నేర్చుకున్నానని సంతకం పెట్టింది. హిందీలో. గుమాస్తా ఒప్పుకోడని నేనన్నాను. ఒప్పుకోలేదు కూడా. మర్నాడు వచ్చి పలక అడిగింది.