బాండు పేపరు నుంచి డిక్రీ దాకా: ఒక సింహావలోకనం

నూరేళ్ల కిందట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నిజాం ఏలుబడిలో నల్లగొండ జిల్లా ఊళ్లు. ఆలుమగలకు పొసగకపోతే కులపెద్దలు కూర్చుని, పెళ్లి ఖర్చు, పెట్టిన సొమ్ము లెక్క తేల్చి తెగతెంపులు చేసేవారు. ఆడమనిషి మారుమనువు పోవచ్చు. నిజాం హైకోర్టు జడ్జి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో అచ్చువేసిన కులాల, తెగల గ్రంథంలో ఎవరిలో విడాకులున్నాయో, ఎవరిలో విధవకు మళ్లీ పెళ్లుందో వరసపెట్టి రాశాడు. మన సంప్రదాయంలో విడాకులే లేవని గట్టిగా చెప్పేవాళ్లు నేటికీ ఉన్నారు. అది కొన్ని ఇళ్ల సంప్రదాయం. ఆ ఇళ్ల ఆడవాళ్లకే తలుపు మూసి ఉండేది.

1949లో మద్రాసు రాష్ట్రం హిందువులకు కోర్టు విడాకులు తెచ్చింది. సరిహద్దు అవతల జగ్గయ్యపేటకు ఆ చట్టం వర్తించింది, ఇవతల కోదాడకు కాదు. ఇక్కడివాళ్లు 1955 మే 18న హిందూ వివాహ చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వచ్చినా పిసినారి చట్టమే. అప్పట్లో పెళ్లయిన మూడేళ్లదాకా మామూలుగా విడాకులకు కోర్టు గడప తొక్కడానికి వీలుండేది కాదు. భర్త హింసించినా, వదిలేసి పోయినా నేరుగా విడాకులు వచ్చేవి కావు. ముందు జుడీషియల్ సెపరేషన్, అంటే పెళ్లి నిలిచే ఉంటూ వేరుగా బతకడానికి అనుమతి. రెండేళ్లు గడిచాకే విడాకుల మాట. 1976 సవరణ ఈ ముడులు సడలించింది: హింస, విడిచిపెట్టడం నేరుగా కారణాలయ్యాయి, పరస్పర అంగీకారంతో విడిపోయే 13-బి సెక్షన్ చేరింది.

పాత పంచాయితీ మాత్రం పోలేదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 29వ సెక్షన్ కాపాడింది. చిక్కంతా అక్కడే. పెద్దమనుషుల ముందు బాండు పేపరు మీద సంతకాలు చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ ఆచారం తమ కులంలో ఉందని సాక్ష్యంతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టంగా చెప్పింది. రుజువు కాకపోతే మొదటి పెళ్లి చెక్కుచెదరదు, రెండోది చెల్లదు, మళ్లీ పెళ్లాడినవారి మీద కేసు కూడా పడవచ్చు. తండాల సంగతి వేరు: కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం వర్తించదని దానిలోనే రాసి ఉంది.

కాపురానికి రమ్మని కోర్టు చేత ఉత్తర్వు ఇప్పించే 9వ సెక్షన్ మరో కథ. 1983లో సినీనటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ.చౌదరి దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. నా మట్టుకు చౌదరి గారి వాదనే బలమైనది.

చప్పుడు లేకుండా మేలు చేసింది 2003 సవరణ. మిర్యాలగూడ కోడలు కోదాడ పుట్టింటికి వచ్చేస్తే, తానున్న చోటి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. ముస్లిం స్త్రీల విషయంలో ఈమధ్య రెండు తీర్పులు ముఖ్యం. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వారికీ భరణం ఉందని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది. ఖులాకు, అంటే భార్య కోరి తీసుకునే విడాకులకు, భర్త ఒప్పుకోలు అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. క్రైస్తవులకు అంగీకార విడాకులు 2001లో గానీ రాలేదు.

ఇప్పుడు సూర్యాపేటకు సొంత జిల్లా ఉంది, 2022 నుంచి సొంత జ్యుడీషియల్ జిల్లా కూడా. ఇద్దరూ ఒప్పుకుంటే, ఏడాది వేరుగా ఉన్నాక పిటిషన్ వేయవచ్చు. ఆపై ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో జడ్జి మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. ఒకరు సంతకం పెట్టనంటే మాత్రం హింసో, వదిలేయడమో, చట్టం చెప్పిన మరో కారణమో రుజువు చేయాల్సిందే. బాగుపడే ఆశ లేని కాపురాన్ని ఆ ఒక్క కారణంతో రద్దు చేసే అధికారం తనకుందని సుప్రీంకోర్టు 2023 మే 1న ప్రకటించుకుంది. సూర్యాపేట జడ్జికి ఆ అధికారం లేదు.