లెక్కలో తమిళం, ఇంట్లో ఎరుకల బాస

మంగళగిరికి ఉత్తరాన, కృష్ణ ఒడ్డున ఉన్న సీతానగరంలో బ్రిటిష్ హయాంలో ‘నేరస్థ తెగల’ సెటిల్మెంట్ ఒకటి నడిచింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ మొదలుపెట్టిన స్టూవర్టుపురం ఇంకా పెద్దది. ఈ సెటిల్మెంట్లలో హాజరు వేయించుకుంటూ బతికినవాళ్లలో ఎరుకల కుటుంబాలున్నాయి. ఇంట్లో వాళ్లు మాట్లాడుకున్న భాషను ఎరుకల బాస అనీ, కుర్రు బాస అనీ అంటారు. తమిళానికి దగ్గరి ద్రావిడ భాష అది. తరతరాలుగా తెలుగు ఊళ్లలో మసలి తెలుగును బాగా కలుపుకుంది.

ఆ భాష ఇప్పుడు ఎందరి నోట ఉంది? 2011 జనగణనలో ఎరుకల భాషను మాతృభాషగా చెప్పినవారు దేశమంతటా సుమారు 58 వేల మంది. అదే లెక్కలో ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎరుకల జనాభా ఐదు లక్షలు దాటింది. అంటే సుమారుగా తొమ్మిది మందిలో ఒక్కరు.

మిగతా ఎనిమిది మందీ భాష వదిలేశారని దీన్నిబట్టి తేల్చేయకూడదు. ఆ జనగణన ఫారంలో పదో ప్రశ్న మాతృభాష, పదకొండోది తెలిసిన ఇతర భాషలు. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని నిర్వచనం. లెక్క రాయడానికి వచ్చినవారూ ఇంటివారూ తెలుగులోనే మాట్లాడుకుంటున్నప్పుడు, వచ్చినవారు ఆ నిర్వచనం వివరించకుండా ‘తెలుగేగా?’ అంటే చాలు, జవాబు తెలుగైపోతుంది. పైగా ఎరుకల అని రాయించుకున్నవారిని కూడా ప్రచురించిన పట్టికలో తమిళం కిందే కలిపారు. పైపైన చూసేవారికి ఆ 58 వేల మందీ కనిపించరు.

బయట ఈ భాష మాట్లాడటానికి జంకు కూడా ఉండి ఉంటుంది. ఇది నా ఊహే అయినా ఆధారం లేని ఊహ మాత్రం కాదు. ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకుంటూ, వెదురు దబ్బలతో బుట్టలల్లుకుంటూ తిరిగిన జనంపై నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. రైళ్లు, ఉప్పు విధానం వాళ్ల వ్యాపారాన్ని ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. చట్టం 1952లో రద్దయింది. అనుమానం అంత త్వరగా పోలేదు. నోరు విప్పగానే కులం తెలిసిపోయే చోట పిల్లలకు తెలుగే నేర్పిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

తప్పుపట్టాల్సింది ప్రభుత్వ విధానాన్ని. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ 1956 నుంచీ చెబుతోంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా భాషల్లో పాఠాలు మొదలుపెట్టింది. మంచి పని. ఆ ఎనిమిదిలో ఎరుకల లేదు. ఏజెన్సీ ఊళ్లలో ఒకే భాష పిల్లలు ఒకే బడిలో ఉంటారు కాబట్టి అక్కడ పని సులువు. డెల్టాలో ఎరుకల ఇళ్లు ఊరికి కొన్ని చొప్పున చెదిరి ఉన్నాయి. విడిగా పాఠ్యపుస్తకాలు వేయడం ఇక్కడ కుదరకపోవచ్చు. పెద్దవాళ్ల మాట రికార్డు చేయించి పదకోశం తయారుచేయడం, అంగన్‌వాడీలో కథలు చెప్పించడం మాత్రం కుదురుతాయి.

ముందు లెక్క సరిగా తేలాలి. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఎరుకల కాలనీలకు వెళ్లేవారికి మాతృభాష నిర్వచనాన్ని చదివి వినిపించాకే జవాబు రాయాలని శిక్షణలోనే చెప్పాలి. మా బాస కుర్రు అని ఎవరైనా అంటే ఆ మాటే రాయాలి. ఫలితాల్లో దాన్ని తమిళం మొత్తంలో కలిపేయకుండా జిల్లాలవారీగా విడిగా ప్రకటించాలి.